మైనస్ నూట ఇరవై ఏడు డిగ్రీల దోర్నపాల్

పోయిన ఆదివారం గంటసేపు ఒక థర్మాకోల్ పెట్టెలో చెయ్యి దూర్చి, కదలకుండా నిలబడ్డాను. ఎవరూ శిక్ష వేయలేదు. నా అంతట నేనే.

మా ముత్తమ్మత్త పందెం జాతి పెట్టను గుడ్లు పొదుగుతుండగానే ముంగిస ఎత్తుకుపోయింది. పదకొండు గుడ్లు మిగిలాయి. ఇంకో మూడు రోజుల్లో పిల్లలవ్వాలి. ఆ జాతిలో అత్తకు మిగిలినవి అవే.

"పక్కింటి పొదుగు కోడి కింద పెడతానే" అంది. నేను ఊరుకుంటానా? జగదల్‌పూర్ కాలేజీలో సాంకేతికత ప్రజల హక్కని గొంతు చించుకున్నదాన్ని.

"ఇంకొకరి కోడి మీద ఆధారపడటం బానిసత్వం అత్తా" అన్నాను.

సంతలో చేపలవాళ్ల దగ్గర పెట్టె అడిగి తెచ్చాను. లోపల ఒక బల్బు, పక్కన వేడి కొలిచే మూడు కాళ్ల చిన్న సెన్సార్, బయట అంకెలు చూపే తెర. వేడి ముప్పై ఏడున్నర దాటితే బల్బు ఆరిపోవాలి. గుడ్లు పెట్టి స్విచ్ వేశాను. తెర మీద మైనస్ 127 అని వచ్చింది.

మే నెల. బయట మా దోర్నపాల్ రోడ్డు మీద తారు కరుగుతోంది.

"ఏందే, మంచు పడ్తదా?" అంది అత్త.

వోల్టేజీని తిట్టాను. మనలాంటి ఊళ్లకు నాసిరకం సరుకు అంటగట్టే మార్కెట్ వ్యవస్థను తిట్టాను. తిడుతూనే సెన్సార్‌ను రెండు వేళ్లతో గట్టిగా నొక్కాను. 36 చూపించింది. వదిలితే మళ్లీ మైనస్ 127. ఇక వదల్లేదు. పెట్టెకు కన్నం చేసి, చెయ్యి దూర్చి పట్టుకున్నాను. 36. 36.5. మళ్లీ 36. బల్బు ఆరడం లేదు. ఇంకా వేడెక్కాలి కాబోలు అనుకున్నాను.

గంటకు అత్త ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుంది. ఇక్కడి ఆడవాళ్లు గుడ్డు వేడి అలాగే చూస్తారు.

"కాల్తాంది."

"లేదత్తా, ముప్పై ఆరే. శాస్త్రం అబద్ధం చెప్పదు."

"నీ శాస్త్రం ఏడుంది?"

"నా వేళ్ల మధ్య."

అన్నాక నాకే అనుమానం వచ్చింది. రెండో చేత్తో ఫోన్‌లో వెతికాను. మైనస్ 127 అసలు ఉష్ణోగ్రతే కాదట. సెన్సార్ వైరు సరిగా ఆనడం లేదని ప్రోగ్రాం చెప్పే మాట. నేను నొక్కితే వైరు ఆనింది, సెన్సార్ నా వేళ్ల వేడి చదివింది. గుడ్లు ఎంత ఉడుకుతున్నాయో దానికి తెలియనే తెలియదు.

బల్బు పీకేశాను. అత్త గుడ్లను కొంగులో వేసుకుని పక్కింటికి పరిగెత్తింది. ఆ మూడు రోజులు పక్కింటి గోడకు చెవి ఆనించి వినేదాన్ని.

బుధవారం పొద్దున తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. అత్త వాటిని గంప కింద మూసి, నా దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"నీ మిషను మంచిదేనే. ఆ పొద్దు నీకు జరం లేదని గంటసేపు కరెక్టుగ జెప్పింది."