గోదావరిఖనిలో గులాబీ రంగు కొవ్వొత్తి

ఈ ప్రయాణానికి కారణం భక్తి అని రాస్తే బాగుండేది. నిజానికి అసూయ. గోదావరిఖనిలో ఉండే మా మేనమామ కూతురు ఫిలోమినా నవంబరు చివర్లో ఉత్తరం రాసింది: "ఆగమన కాలం మూడో ఆదివారం చర్చిల ప్రార్థన చదివే వంతు నాకొచ్చింది వదినె. నువ్వు మంచిగ రాస్తవు గదా, రాసి పంపు." క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు మనసును సిద్ధం చేసుకునే కాలం అది. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజుల్లో పన్నెండు వాక్యాలు రాశాను. "భూగర్భ తిమిరంలో శ్రమజ్యోతులు" అన్న మాట దొరికిన రోజు సంతోషంతో అన్నం సయించలేదు. కాగితం పోస్టులో వేశాకే తట్టింది, మాటలు నావి, మైకు ఆమెది. మెచ్చుకోలూ ఆమెకే. అది కళ్లారా చూడకుండా ఉండలేకపోయాను.

పెద్దపల్లిలో పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. టికెట్టు ఏడు రూపాయలు, ప్రయాణం గంటన్నర. "పండుగ ఇంక పది రోజులుంది గదా బిడ్డా, గిప్పుడే పోతున్నవా?" అన్నాడు కండక్టరు ఖాదర్ కాక. తయారవడానికి వెళ్తున్నానన్నాను. "మాకూ రంజాన్ ముందట గట్లనే. కడుపు కట్టుకునుడు అల్కనే, మనసు కట్టుకునుడే ముష్కిల్," అని నవ్వి ముందుకు పోయాడు. రామగుండం దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు మంచులో సగం వరకే కనిపించాయి. నా ముఖంలో అసూయ కూడా సగమే కనిపించాలని కోరుకున్నాను.

మామ టింబర్‌మన్. గని లోపల పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టడం ఆయన పని. నేను క్వార్టరు చేరేసరికి రాత్రి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేస్తున్నాడు. నిద్రపోవా అంటే, "గుహ పని అయినంక పండుకుంట" అని నన్నూ ఫిలోమినానూ వెంటబెట్టుకుని తొమ్మిదింటికి చర్చికి బయల్దేరాడు.

వేరే ఊళ్లలో క్రిస్మస్‌కు, బాలయేసు పుట్టిన పశువులపాక బొమ్మకు గుహను రంగు కాగితాలతో చేస్తారు. ఇక్కడ మాత్రం ఇంటి పొయ్యికని గనివాళ్లు ఇచ్చే బొగ్గుతో గోడలు పేర్చి, పైన ఒక బండ పరుస్తారు. చర్చిలో మతబోధ చేసే ఉపదేశి గారు బాలయేసు తొట్టె పెట్టబోతే మామ ఆపాడు. "చెయ్యి తియ్యున్రి సారూ. సపోర్టు లేని కప్పు కింద ఎవరన్న చెయ్యి పెడతరా?"

"జానెడు గుహే గదయ్యా!"

"జానెడైతేంది? పసిపోరడు పండే జాగ."

నున్నగా మెరిసే బండ ఒకటి, గరుకుది ఒకటి ఉన్నాయి. రెంటినీ ఇనుప చువ్వతో తట్టాడు. "ఇను బిడ్డా. గట్టిదైతే గంట లెక్క మోగుతది. లోపల విడిసిందైతే డబ్బా లెక్క." మెరిసేదాన్నే పక్కన పడేశాడు. గరుకు బండ కింద నాలుగు కట్టెలు బిగించాకే తొట్టె లోపలికి వెళ్లింది.

వరండాలో పాపసంకీర్తనం వరుస ఉంది. ఫాదర్ దగ్గర తప్పులు చెప్పుకోవడానికి నేనూ నిలబడ్డాను. ఆ ఆదివారం వెలిగించే కొవ్వొత్తికి సరిపోయే గులాబీ ఓణీలో ఫిలోమినా నా వెనక చేరింది. "నీకేం పాపాలున్నయే వదినె, పుస్తకాలు నములుడు తప్ప?" నేను దాహమని అబద్ధం చెప్పి తప్పుకున్నాను. నా అసూయను ఇంకో గంట దగ్గరుంచుకోవాలనిపించింది.

పదింటికి పూజ మొదలైంది. పాత సైకిల్ రిమ్ముకు ఆకులు చుట్టి ఆదివారానికొకటిగా నిలిపిన నాలుగు కొవ్వొత్తుల్లో మూడోది, గులాబీ రంగుది, వెలిగించారు. ఫిలోమినా మైకు ముందు నా కాగితం విప్పింది. "భూగర్భ తిమిరంలో" అని ఆగింది. మూడో బెంచీలో మామ తల వాల్చి నిద్రపోతున్నాడు. ఆమె అటు చూసి కాగితం మడిచింది.

"దేవా, మా నాయిన రాత్రి డ్యూటీ చేసి అచ్చి గీడ నిద్రపోతుండు. జర పండనియ్యి. ఇప్పుడు కింద ఉన్నోళ్లు ఎట్ల దిగిన్రో గట్లనే పైకి రావాలె."

ఎవరో నవ్వారు. తర్వాత "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అని చర్చి మొత్తం ఎంత గట్టిగా పలికిందంటే మామ ఉలిక్కిపడి లేచాడు. నా పక్కనున్న ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. అంతవరకు నా అసూయ మైకు మీద. ఆ క్షణం నుంచి ఆ మాటల మీద.

బయట ఫిలోమినా నా చెయ్యి పట్టుకుంది. "కోపమచ్చిందా? నీ కాయితం మంచిగనే ఉండె, నాకే నోట్లె తిరగలె."

"నువ్వు రాసిందే బాగుంది," అన్నాను.

"నేనేడ రాసిన? నాయిన్ని జూసి అన్న, గంతే."

అది విని నాకు ఇంకా మండింది. పూజకు ముందు వంతు రానివాళ్ల కోసం ఫాదర్ మళ్లీ పాపసంకీర్తనానికి కూర్చుంటే, ఈసారి వరుస చివరిదాకా నిలబడ్డాను. అసూయపడ్డానని చెప్పాను. దేని మీద అని అడిగారు. "ఒక వాక్యం మీద ఫాదర్." ఆయన పండుగ దాకా రోజూ ఆ వాక్యంతోనే ప్రార్థన చెయ్యమన్నారు. అదే నా ప్రాయశ్చిత్తం.

ఇంటికొచ్చి రోజూ చేస్తున్నాను. మొదటి రెండు రోజులు ఆ మాటలు ఆమెవన్న సంగతే గుర్తొచ్చేది. నిన్న మాత్రం "ఎట్ల దిగిన్రో గట్లనే" అనగానే ఫిలోమినా కాక, బెంచీలో వాలిన మామ తల గుర్తొచ్చింది. నా పన్నెండు వాక్యాలను కూడా ఒక్కొక్కటీ తట్టి విన్నాను. రెండు మిగిలాయి.

మీరూ ఆగమన కాలంలో వెళ్లాలనుకుంటే తొమ్మిదికల్లా చర్చిలో ఉండండి, పాపసంకీర్తనం వరుస చిన్నగా ఉంటుంది. తిరుగు బస్సు రెండింటి లోపు పట్టుకోండి. ఆదివారమైనా గనిలో కొందరికి డ్యూటీ ఉంటుంది, మూడింటికి షిఫ్టు వదిలితే బస్సులు నిండిపోతాయి. అప్పుడు ఎక్కాల్సి వస్తే, కూర్చున్న సీటు లేచి వాళ్లకు ఇవ్వండి. వాళ్లు అప్పుడే పైకి వచ్చి ఉంటారు.