బొటనవేలి గుర్తున్న పిడకలు

మా అత్తయ్య బజారులో కొనేవి మూడే: ఉప్పు, పంచదార, టీపొడి. మిగతావన్నీ ఆమె చేతిలోంచి రావాల్సిందే. కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో తనే పప్పు విసురుతుంది. మినుముల్లో బూడిద కలిపి కుండలో పోసిందంటే ఏడాది దాటినా పురుగు కనపడదు. ఇంట్లో గ్యాసుంది, మిక్సీ ఉంది, ఫ్రిజ్ కూడా ఉంది. ఫ్రిజ్‌లో ఆమె పెట్టేది మల్లెపూలు ఒక్కటే.

నేను గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని. విత్తనమంటే షాపులో వేలాడే రంగుల ప్యాకెట్టనుకునేదాన్ని. దర్శి దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చిన మొదట్లో ఆమెను చూసి లోపల నవ్వుకునేదాన్ని కూడా. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

ఊళ్లో ఆమె పేరు మోగింది దోసకాయలతో. దోసకాయ కోసిన ఎవరైనా ముందు చిన్న ముక్క నాలుక మీద వేసుకుంటారు. ఒక్క చేదుకాయ పడితే పప్పంతా పారబోయాలి మరి. మా ఇంట్లో మాత్రం రుచి చూడకుండానే పప్పులో వేసేస్తాం. ఆమె కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చుకున్న విత్తనం అది. ఏటా గింజకు వదిలిన ప్రతి కాయనూ ఆమె కొరికి చూసేది. రవ్వంత చేదు తగిలినా గేదెకు వేసేది. నలభై ఏళ్లుగా ఆమె నాలుక చేసిన పని అది.

ఆ గింజలు ఎక్కడ దాస్తుందో నాకెవరూ చెప్పలేదు. పాలు తెల్లగా ఉంటాయని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా?

రెండేళ్ల కిందట వేసవిలో ఇంటికి రంగులు వేయించాలనుకున్నాం. పనివాళ్లు వచ్చేలోగా గోడలు శుభ్రం చేద్దామని నేను నడుం బిగించాను. వంటింటి తూర్పు గోడకు, చూరు కింద, చిన్న చిన్న పిడకలు వరసగా అంటించి ఉన్నాయి. అన్నీ గీకి, వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేశాను. ఒక్క దెబ్బకు రెండు పనులయ్యాయని సంబరపడ్డాను. అప్పుడే పొయ్యి చిటపటలాడటం మొదలుపెట్టింది.

వాకిట్లో మిరపకాయల తొడాలు తీస్తున్న అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

"పిడక అలా పేలదే. ఏ గోడవి పెట్టావు?"

చూపించాను. ఆమె మంటలో చెయ్యి పెట్టి రెండు పిడకలు బయటికి లాగింది, విరిచింది. లోపలంతా దోసగింజలు. బూడిద పట్టించి, నీడన ఆరబెట్టి, పచ్చిపేడలో కలిపి గోడకు కొట్టిన గింజలు. ఒకటి తీసి కొరికి చూసింది.

"వేగాయి," అంది. తర్వాత వీధి చివరికి వినపడేలా అందుకుంది. "కళ్లు నెత్తికెక్కాయా నీకు? అయిదు వేళ్ల గుర్తుంటే పొయ్యికి, బొటనవేలి గుర్తుంటే చేనుకి. ఆమాత్రం తెలియదా?"

తెలియదు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. అది చూశాక నా కోపం చల్లారింది, ఏడుపు మాత్రం మిగిలింది. తొలకరికి ఇంకా నెలే ఉంది. పోయిన విత్తనాన్ని ఏ షాపూ తిరిగివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె చెప్పులేసుకుంటూ, "నాతో రా," అంది. ఆమెకో నియమం ఉంది. ఏటా విత్తనపు పిడకలు కొట్టగానే, మొదటివి మూడిళ్లకు ఇచ్చి తర్వాతే తన గోడకు అంటించుకుంటుంది. ఇప్పుడు ఆ మూడిళ్లలో ఒక్కచోటైనా గింజ మిగిలి ఉండాలి.

మొదటింటి కోడలు, "ఇంకా ఎవరు దాస్తున్నారత్తా, దర్శిలో ప్యాకెట్లు దొరుకుతుంటే," అంది. రెండో ఇల్లు కొత్తగా కట్టారు. నున్నటి టైల్సు గోడకు పేడ కొట్టనివ్వలేదట పిల్లలు. రెండుచోట్లా అదే ప్రశ్న, "మీ గింజలేమయ్యాయి?" అని.

"కళ్లు ఆనడం లేదమ్మా. చూసుకోక నేనే పొయ్యిలో పెట్టుకున్నాను," అంది అత్తయ్య.

నేను వెనకే నిలబడి ఉన్నాను. సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కించుకునే మనిషి ఆమె. విత్తనం పోగొట్టుకున్నదన్న మాట జన్మలో పడని మనిషి. నా తప్పు తన నెత్తిన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, నిజం చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

మూడో ఇల్లు బొంతలు కుట్టే సాయిబుల పిన్నిది. అత్తయ్య అక్కడా అదే మాట చెప్పింది. పిన్ని లోపలికి వెళ్లి, పొయ్యి పైన పొగలో వేలాడుతున్న గుడ్డసంచి తెచ్చింది. అరచేతిలో పట్టేంత సంచి, మూతి లేకుండా చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది.

"పేడపని నాకు చేతకాదక్కా, సూదిపని వచ్చు. నువ్విచ్చినవి పిడక విరిచి, బూడిదలో వేసి కుట్టేశాను," అంటూ పంటితో దారం కొరికింది.

లోపల పిడికెడు గింజలున్నాయి. పిన్ని సగమే అత్తయ్య కొంగులో పోసింది. "మిగతావి నా దగ్గరుంటాయి. ఇద్దరివీ పోతే అడగడానికి ఇంకో ఇల్లు లేదు," అంది. అత్తయ్య తలూపింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు.

వానలు పడగానే పత్తిసాళ్ల మధ్య గింజలు పెట్టాం. తొలికాయ కోసి అత్తయ్య నాకిచ్చింది.

"నువ్వు కొరుకు."

చేదు లేదు. ఆ మాట చెప్పేలోపే నాకు ఏడుపొచ్చింది.

గింజకాయలు పండాక, పెరట్లో పేడ కలుపుకుని కూర్చున్నాం. బొంతల పిన్ని తన వంతు కోసం వచ్చింది. గట్టు మీద కూర్చుని, "మీ అత్తకు చూపు ఆనడం లేదుగా. ఈసారి నువ్వు కనిపెట్టుకుని ఉండు," అంది నాతో.

ఇక దాచలేకపోయాను. "ఆమె కాదు పిన్నీ. పొయ్యిలో పెట్టింది నేను."

అత్తయ్య చెయ్యి పేడలోనే ఆగిపోయింది.

"నిన్నెవరడిగారే?" అని కసిరింది, గింజలు కాలిపోయిన రోజుకంటే గట్టిగా. పిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలొంచుకుని నవ్వుకుంది.

కాసేపటికి అత్తయ్య గింజల చేట నా ముందుకు తోసింది. ఒక పేడముద్ద తీసి నా చేతిలో పెట్టింది.

"మొదటిది పిన్నికివ్వు," అంది. "బొటనవేలు గట్టిగా నొక్కు."