తెగిన వైరు మీద వచ్చిన సగం

దయ్యాల విషయంలో ఈ సంఘటనకు ముందు నా అభిప్రాయం ఏదో, ఇప్పుడూ అదే. అవి లేవు. మాది మనుబోలు. వరి గట్ల మీద పెరిగినదాన్ని. చీకట్లో మా నాన్న వెంట టార్చి పట్టుకుని మడికి నీళ్లు కట్టడానికి వెళ్లిన రోజుల్లో కూడా పాములకు భయపడ్డాను తప్ప మరి దేనికీ భయపడలేదు. ఇది చదివి "చూశారా, ఆమె కూడా నమ్మింది" అని ఎవరైనా చెప్పుకుంటే అది నా మాట కాదని ముందుగానే రాసిపెడుతున్నాను.

నేను చెప్పబోయేది ఒకే ఒక పరీక్ష గురించి. పట్టపగలు జరిగింది. మొత్తం పదమూడు నిమిషాలు పట్టింది. ఇందులో చనిపోయినవారెవరూ లేరు.

నేను టెస్టింగ్ ఇంజనీరును. పదిమంది కలిసి ఒక ప్రోగ్రాము రాస్తున్నప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో వరుసగా, చెరిగిపోకుండా దాచిపెట్టే సర్వర్లు ఉంటాయి. అలాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒకటి మా నెల్లూరు ఆఫీసులో తయారైంది. దాన్ని చెడగొట్టడానికి ప్రయత్నించడం నా పని. మార్పును పంపుతుండగా నెట్‌వర్కు తెగిపోతే ఏమవుతుంది? డేటా ముక్కలు వరుస తప్పి చేరితే? సగం చేరాక పంపినవారి కంప్యూటరే ఆగిపోతే? ఈ ఇబ్బందులన్నీ నేను కావాలని కల్పించి, సర్వర్ ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి.

అది పాటించవలసిన నియమం ఒకటే. మార్పు మొత్తం చేరితే స్వీకరించాలి. చేరకపోతే వచ్చిన ముక్కను పారేసి, అసలేమీ జరగనట్టు ఉండాలి. సగం మార్పును దాచుకున్న సర్వర్ పదిమంది కష్టాన్నీ పాడుచేస్తుంది.

ఆఫీసులో నేను వైర్లు పీకితే పక్కవాళ్ల పని ఆగిపోయేది. అందుకని మా మేనేజరు ప్రభాకర్ గారు రెండు నెలలు వేరే చోట చేసుకోమన్నారు. చుట్టుపక్కల ఎవరి వైఫై కూడా తగలని గది కావాలని వెతికి, ఇందుకూరుపేట దాటాక మైపాడులో బుజ్జమ్మక్క ఇంటి ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఆమె భర్త కోటయ్య అన్న బోటు మీద వేటకు వెళ్తాడు. ఆమె పగలంతా వరండాలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తుంటుంది. ఉప్పుగాలికి వైరు కొనలు పచ్చబడుతుంటే రెండు రోజులకొకసారి గుడ్డతో తుడుచుకోవడం తప్ప, అక్కడ నాకు ఏ ఇబ్బందీ లేదు.

గదిలో రెండు కంప్యూటర్లు పెట్టాను. ఒకటి పంపేది, ఒకటి సర్వర్. రెంటి మధ్య ఒక చిన్న పెట్టె. దాని గుండా ఎంత డేటా వెళ్లిందో అది లెక్కపెడుతుంది. రెండు కంప్యూటర్లలోనూ వైర్‌లెస్ కార్డులు స్క్రూడ్రైవరుతో ఊడదీసి సొరుగులో పడేశాను. పెట్టెకూ సర్వర్‌కూ మధ్య ఉన్న ఒకే ఒక్క వైరు తప్ప మరో దారి లేదు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఇలా ఉంటుంది. పంపే కంప్యూటరు ఒక పెద్ద ఫైలును తయారుచేస్తుంది. అందులో ఏ అర్థమూ ఉండదు, ఊహకందని అంకెల గుంపు మాత్రమే. అది డిస్కు మీదికి ఎక్కదు, కరెంటు తీసేస్తే చెరిగిపోయే మెమొరీలోనే ఉంటుంది. ఫైలు మొత్తం నుంచి లెక్కకట్టిన అరవై నాలుగు అక్షరాల గుర్తు ఒకటి చీటీ మీద ప్రింటవుతుంది. మనిషికి వేలిముద్ర లాంటిది అది. ఫైలులో ఒక్క అంకె మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. తర్వాత పంపడం మొదలవుతుంది. సగం వెళ్లాక నేను వైరును చేత్తో పీకి, ఒక స్టీలు పళ్లెంలో పెడతాను. వెంటనే పంపే కంప్యూటరు ప్లగ్గు కూడా లాగేస్తాను. ఇక రెండో సగం ఎక్కడా ఉండదు. పది నిమిషాలు ఆగి సర్వర్ చూస్తాను. బల్ల మొత్తం కనబడేలా నా ఫోను వీడియో తీస్తుంటుంది. ఫలితాన్ని పైకి చదువుతాను, రికార్డు కోసం.

మొదటి వారమంతా ఫలితం ఒకటే. "రాలేదు." రోజుకు పాతిక సార్లయినా ఆ మాట అని ఉంటాను.

ఒకరోజు బుజ్జమ్మక్క వల పక్కన పడేసి గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిమా, పొద్దున్నించీ రాలేదు, రాలేదు అంటా ఉండావు? ఎవురు రాలేదు?"

"ఫైలక్కా. సర్వర్‌కి చేరలేదు. చేరకూడదు కూడా. చేరకపోతేనే మంచిది."

"రాకపోతే మంచిదా? ఇదేం ఉద్యోగం తల్లీ!" అని కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపేసింది. "పడవలు నీళ్ల మీద ఉండంగా ఈ ఇంట్లో ఆ మాట అనబాకమ్మా. దార్లో ఉండాది అనాల."

"మునిగిపోయినా అంతేనా?"

"మునిగినా అంతే. ఒడ్డుకొచ్చిందాన్ని కళ్లతో చూసేదాకా దార్లో ఉండాదనే అంటాం. మా అత్త అట్టే అన్నింది, నేనూ అంతే."

మా మనుబోలులో కాలవ నీళ్లు రాకపోతే రాలేదనే అంటాం. దారిలో ఉన్నాయని కూర్చుంటే పైరు ఎండిపోతుంది. ఆ మాటే చెప్పాను. "మీ మడి యాడికీ పోదు కదమ్మా, మాది పోతాది" అంది. అద్దెకున్న ఇంటివారి మాటకు మర్యాద ఇవ్వడంలో నష్టం లేదనిపించింది. మర్నాటి నుంచి, వైరు పీకగానే "దారిలో ఉంది" అని, పది నిమిషాల తర్వాత ఫలితాన్ని నోటితో చెప్పకుండా పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఫలితాల్లో ఏ మార్పూ లేదు.

ఐదో రోజు కోటయ్య అన్న బోటు వేళకు చేరలేదు. పదకొండుకల్లా ఒడ్డుకు రావలసింది, ఒంటిగంట దాటింది. ఫోను కలవడం లేదు. బుజ్జమ్మక్క రెండుసార్లు ఒడ్డుకు వెళ్లి వచ్చి, మళ్లీ వరండాలో కూర్చుని వల ఒళ్లో పెట్టుకుంది. దారిన పోయేవాళ్లు అడుగుతున్నారు. "దార్లో ఉండాడు" అని ఆమె ఒకే గొంతుతో చెబుతోంది. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఊరికే కూర్చోలేక పరీక్ష పెట్టాను.

రెండు గంటల నలభై నిమిషాలకు చీటీ ప్రింటయింది. నలభై ఒకటికి పంపడం మొదలైంది. నలభై మూడుకు పెట్టె మీద లెక్క సగం కొంచెం దాటింది. వైరు పీకి పళ్లెంలో పెట్టాను. ప్లగ్గు లాగాను. "దారిలో ఉంది" అన్నాను. వరండాలోంచి బుజ్జమ్మక్క "ఊఁ" అంది. అది వీడియోలో వినబడుతుంది.

యాభై మూడుకు సర్వర్ చూశాను. ఒక కొత్త మార్పు స్వీకరించినట్టు ఉంది. స్వీకరించిన సమయం రెండు యాభై ఒకటి.

మొదట నా పొరపాటే అనుకున్నాను. పాత ఫైలు ఏదో చూస్తున్నానేమోనని సర్వర్‌లో ఉన్నదాని నుంచి గుర్తును మళ్లీ లెక్కకట్టించాను. చీటీని తెర పక్కన పెట్టి, కింద స్కేలు ఆనించి, ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుతూ పోల్చాను. అరవై నాలుగూ సరిపోయాయి. మళ్లీ పోల్చాను. మూడోసారి చివరి నుంచి మొదటికి పోల్చాను. ఫైలు పూర్తిగా ఉంది. వైరు పళ్లెంలో ఉంది. పెట్టె లెక్క సగం దగ్గరే ఆగి ఉంది.

సర్వర్‌లో లోపం ఉంటే సగం ఫైలును దాచుకుని ఉండేది. అది నాకు అర్థమయ్యే తప్పు, అలాంటివి పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. కానీ ఇక్కడ రెండో సగం వైరు దాటనే లేదు. పుట్టిన కంప్యూటరు ప్లగ్గు లాగేయడంతో అక్కడా లేకుండా పోయింది. ఊహించి పూరించడానికి అది అర్థమున్న వాక్యం కూడా కాదు.

కోటయ్య అన్న బోటు నాలుగూ పదికి వచ్చింది. ఇంజను ఆగిపోతే మరో బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. నా ఫైలుకూ దానికీ మధ్య గంటా పందొమ్మిది నిమిషాల తేడా ఉంది. ఈ రెంటికీ ముడిపెట్టాలని చూసేవారికి ఆ తేడాను గుర్తుచేస్తున్నాను.

ఆ సాయంత్రం బుజ్జమ్మక్కకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "వచ్చిందా? మంచిదే కదా" అని పులుసులోకి చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఒక మాటకు ఇంత శక్తి ఉంటే అది పరీక్షకు నిలవాలి అన్నాను.

తర్వాత తొమ్మిది రోజులు అదే పని చేశాను. కోటయ్య అన్న ఒడ్డు మీద ఉన్న వేళల్లో ఒకసారి "రాలేదు", ఒకసారి "దారిలో ఉంది". ఏ మాట ఎప్పుడనాలో కూడా నేను ఎంచుకోకుండా బొమ్మా బొరుసూ వేసి తేల్చుకున్నాను. ఒక్క ఫైలు కూడా చేరలేదు.

"పరీచ్చ పెడతా ఉంటే యాడొస్తది? ఎదురుచూడాల" అంది బుజ్జమ్మక్క.

వైరు చేసే పనిని ఎదురుచూపు చేయలేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. "నీకేం తెలుసులే పో" అని ఆమె నాకు అన్నం పెట్టింది.

ఆ సర్వర్ ప్రోగ్రాములో ముఖ్యభాగం రాసినవాడు రఫీ. నాకంటే ఆరేళ్లు చిన్న, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు. నేను పిలిస్తే బైకు మీద వచ్చి పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాడు. వీడియో చూశాడు, సొరుగులో వైర్‌లెస్ కార్డులు లెక్కపెట్టాడు. ఆ అంకెలు తయారయ్యే పద్ధతి సర్వర్‌కు తెలిసి, అదే మిగతావి పుట్టించుకుందేమోనని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ అంకెలు ఏ సూత్రం నుంచీ రావు, సర్క్యూట్లలో విద్యుత్తు క్రమం లేకుండా హెచ్చుతగ్గులవుతుంటే దాన్నుంచి వస్తాయని చూపించాను. సాయంత్రానికి తల గోక్కుని, "అక్కా, నేను రాసిన సర్వర్‌కి ఇంత తెలివి లేదు" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. బైకు ఎక్కబోతూ మాత్రం, "ఫెయిల్ అని రాస్తావా అక్కా?" అని అడిగాడు. ఫెయిల్ అని రాస్తే అతని ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సోమవారం కస్టమరుకు సాఫ్ట్‌వేర్ అప్పగించాలి. నా సంతకం లేకుండా అది కదలదు. శుక్రవారం ప్రభాకర్ గారి గదిలో ఫారం నా ముందు పెట్టారు. ప్రతి పరీక్షకూ ఒక వరుస, ప్రతి వరుసకూ రెండు గడులు. పాస్, ఫెయిల్.

"ఆ ఒక్క వరుస తీసేయండి సరళ గారూ. మైపాడులో కరెంటు సరిగ్గా ఉండదు, పరీక్ష చెల్లదని రాస్తే సరిపోతుంది."

"కరెంటు ఉందండీ. ప్లగ్గు నేనే లాగాను."

"అయితే ఫెయిల్ అని రాయండి. రఫీ సంగతి నేను చూసుకుంటాను."

"రఫీ ప్రోగ్రాములో తప్పు దొరకలేదు. దొరకని తప్పును ఎలా రాయను?"

"పాస్ అని రాయండి మరి!"

"చేరని ఫైలును స్వీకరించిందండీ. అది పాస్ కాదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండి, మీ నమ్మకాలు ఇంట్లో పెట్టుకోండి. ఆ బెస్తోళ్ల ఇంట్లో ఉండి మీరు కూడా ఇలా తయారయ్యారు."

నా పన్నెండేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అంత మాట అనలేదు. నా దగ్గర చీటీ ఉంది, వీడియో ఉంది, పెట్టె లెక్క ఉంది, రఫీ పరిశీలన ఉంది. నమ్మకం అనే మాట నేను ఒక్కసారి కూడా వాడలేదు. కంటికెదురుగా ఉన్న వరుసను లేదనుకోమని అడుగుతున్నది ఆయన. బుజ్జమ్మక్క తనకు తెలిసినంతే చెప్పింది, తెలియనిదాన్ని చెరిపేయమని నన్ను అడగలేదు. ఇవన్నీ ఆయనతో అన్నాను. గొంతు పెంచలేదు.

తర్వాత స్కేలు అడిగి తీసుకున్నాను. ఆ వరుస చివర, ఫెయిల్ గడి పక్కన, అదే కొలతలతో మూడో గడి గీశాను. అందులో "తెలియదు" అని రాసి, కింద సంతకం పెట్టాను.

"ఇలాంటి గడి ఈ ఫారంలో లేదు" అన్నారు ప్రభాకర్ గారు.

"ఇప్పుడుంది" అన్నాను.

సోమవారం మరొకరి సంతకంతో, ఆ వరుస లేని కొత్త ఫారంతో సాఫ్ట్‌వేర్ వెళ్లిపోయింది. రఫీ జోలికి ఎవరూ పోలేదు. నెలాఖరుకు నన్ను మానేయమన్నారు. మానేశాను. సర్వర్ బాగానే పనిచేస్తోందని రఫీ అప్పుడప్పుడు చెబుతుంటాడు.

ఫారం నకలు, చీటీ, వీడియో నా దగ్గర ఉన్నాయి. ఇప్పటికి ముగ్గురు ఇంజనీర్లు, ఒక ఫిజిక్సు లెక్చరరు వాటిని చూశారు. ఒకరు మోసమన్నారు. ఎలా చేశానో చూపించమంటే చూపించలేకపోయారు. ఊళ్లో మా పిన్ని తాయెత్తు కట్టించుకోమంది, కట్టించుకోలేదు. ఆ రెండో సగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగినవారు వస్తే, ఆ గడిలోని మాట కొట్టేసి వాళ్లు చెప్పింది నా చేత్తోనే రాస్తాను. ఇంతవరకూ రాయగలిగింది ఏమీ దొరకలేదు. దొరికినట్టు సంతకం పెట్టమంటే మాత్రం, ఇప్పుడైనా పెట్టను.