ఎండుచేపల పేపరు

చేపలమ్మే రమాకుమారి శ్రీకాకుళం నుంచి రైల్లో తెచ్చే ఎండుచేపల పొట్లాలే కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో గురువులుకి తెలుగు పేపరు. రేవులో పని మానేసినప్పటి నుంచీ అదే అలవాటు. పొట్లం విప్పి, పొలుసులు దులిపి, కాగితాన్ని మోకాలి మీద అరచేత్తో సాపుచేసి, చదువురాని భార్య తవిటమ్మకి పైకి చదివి వినిపిస్తాడు. సరిహద్దులో కాల్పులు మొదలై, సైన్యంలో ఉన్న కొడుకు ప్రదీప్‌కుమార్ ఫోన్ ఆగిపోయిన ఈ నెలంతా కూడా చదివాడు. టీవీలో వార్తలొస్తే సినిమాకి మారుస్తాడు. చూసిన సినిమాలో హీరో బతికాడో లేదో మర్నాటికి గుర్తుండదు. చేపల కాగితాలు మాత్రం నెల్లాళ్ల వెనకటివి. వాటిలో ఇంకా యుద్ధం రాలేదు. మామిడికాయల ధర ఉంది, నాగావళి వంతెన మీద ఆగిపోయిన లారీ ఉంది. గురువులు ఆ పాత నెలలో కాసేపు కూర్చుని వస్తాడు.

ఈ సాయంత్రం విప్పిన కాగితంలోకి యుద్ధం వచ్చేసింది. చనిపోయిన జవాన్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. గురువులు గొంతు మారకుండా, "పాలకొండలో వాన పడిందట," అన్నాడు.

"మొన్నా ఆ వానే సదివినావు. ఈపాటికి మీ పాలకొండ మునిగిపోయుంటాది," అంది తవిటమ్మ. చెయ్యి చీరకి తుడుచుకుని, కాగితం లాక్కుని ట్యూబులైటు కింద పట్టుకుంది. రేషన్ బియ్యంలో రాళ్లు ఏరేటంత నిదానంగా, ఒక్కో మొహం మీదా వేలు ఆన్చి చూసింది. చివరి మొహం దాకా వెళ్లి, కాగితం అతని ఒళ్లో పెట్టింది.

"ఇందల మనోడు లేడు. ఇంక సదువు."