మూడొందల పన్నెండు మెట్లు

సైటులో అందరూ ఆయన్ని 'పైవాడు' అనేవారు. కడుతున్న భవనం పక్కన నిలబెట్టిన టవర్ క్రేన్ కొసన, ఒక్క మనిషి పట్టే అద్దాల గదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునేది ఆయనే. ఇనుప కడ్డీల కట్ట దిగడం ఆలస్యమైతే, "మనదేముంది, అంతా పైవాడి దయ" అని మేస్త్రీలు నవ్వుకునేవారు. వాకీటాకీలో ఆ మాట విని ఆయనా నవ్వేవాడు.

ఆయనకు యాభై ఒకటో ఏడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఈ క్రేన్‌కు లిఫ్టు లేదు. నిట్టనిలువు ఇనుప నిచ్చెన, మూడొందల పన్నెండు మెట్లు. ఇరవై ఆరు మెట్లకొక జాలీ అరుగు. ఒకప్పుడు పన్నెండు నిమిషాల్లో ఎక్కేసేవాడు. ఈ మధ్య మూడో అరుగు దగ్గరే ఆయాసం వస్తోంది. ఒకరోజు పైకి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కింద మూడు కాంక్రీటు లారీలు డ్రమ్ములు తిప్పుకుంటూ ఎదురుచూశాయి.

సాయంత్రం ఇంజనీరు పక్కకు పిలిచాడు. "మూడు నెలల్లో మీకు మెడికల్ టెస్టు ఉందండీ. అందులో తప్పితే నా చేతిలో ఏమీ ఉండదు. కింద స్టోర్స్‌లో చోటు చూస్తాను."

స్టోర్స్ అనగానే ఆయన కంగారుపడి మర్నాడే ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు పరీక్షించి, గుండె బాగానే ఉంది, దమ్ము లేదు, వ్యాయామం చెయ్యమన్నాడు. ఏ వ్యాయామమో, ఎంతో చెప్పలేదు.

సంగతి తెలిసి బావమరిది పన్నెండు వారాల చార్టు ఒకటి ప్రింటు తీసి తెచ్చాడు. "ఏ రోజు ఏం చెయ్యాలో గడుల్లో రాసిపెట్టారు బావా. కళ్లు మూసుకుని చేసుకుపో."

"కళ్లు మూసుకుని చేసేదానికి గడులెందుకురా?" అంది ఆయన భార్య. ఆవిడ ఒక బడి ఆఫీసులో గుమాస్తా. అక్కడ పనిచేసే ఒకావిడ ఆన్‌లైన్‌లో ఒక కోచ్ దగ్గర వ్యాయామం నేర్చుకుంటోందట. "ఆ కోచ్ అమ్మాయి వీడియోలో చూసి తప్పులు దిద్దుతుందటండీ. ఒక్కసారి మాట్లాడి చూడండి."

"ఎక్కడో కూర్చున్న పిల్లకి ఫోనులో నా మోకాళ్ల సంగతి ఏం తెలుస్తుంది?" అని ఆయన చార్టును ఫ్రిజ్ మీద అతికించాడు.

ఆదివారం మొదటి గడి. గుంజీలు అరవై. ఆయన పట్టుదల మనిషి. లెక్క తప్పకుండా అరవై తీశాడు.

"ఏ మాస్టారు వేశారండీ ఈ శిక్ష?" అని భార్య నవ్వింది.

సోమవారం ఎలాగో ఎక్కాడు. సాయంత్రం దిగుతుంటే తొడలు వణకడం మొదలైంది. మెట్టు మీద కాలు నిలవడం లేదు. కింద సిగ్నల్ ఇచ్చే మనిషి గమనించాడు. పదేళ్లుగా ఆయనతో పనిచేస్తున్నవాడు. వాకీటాకీ అందుకున్నాడు.

"అన్నా, ఎక్కడున్నావు?"

"తొమ్మిదో అరుగు. కాళ్లు నా మాట వినట్లేదురా."

"బెల్టు హుక్కు తగిలించావా?"

"తగిలించా."

"అయితే కూర్చో. నిదానంగా దిగుదువుగాని. నేనిక్కడే ఉంటా."

దిగడానికి యాభై నిమిషాలు పట్టింది. కిందికొచ్చి ఇటుకల మీద కూలబడ్డాక, సిగ్నల్ మనిషి నీళ్ల సీసా అందించి అన్నాడు, "వదిన ఎవరో కోచ్ గురించి చెప్పిందన్నావు కదన్నా, మాట్లాడచ్చుగా?"

"ముఖాముఖి చూడని మనిషిని ఎలా నమ్మనురా?"

"గోడ అవతల దిగే లోడు నీకు కనపడదు. నేను దించమంటే దించుతున్నావు. మొదటి రోజు నేను మాత్రం నీకు తెలుసా?"

ఆయన సీసా ఖాళీ చేసి లేచాడు. ఇంటికెళ్లి భార్యతో, "ఆ అమ్మాయి నంబరు తెప్పించు" అన్నాడు.

కోచ్‌కు ముప్పై ఏళ్లుంటాయి. అరగంటసేపు ఒక్క వ్యాయామమూ చెప్పలేదు, అన్నీ ప్రశ్నలే. మెట్టుకూ మెట్టుకూ ఎంత దూరం? చేతులతో లాగుతారా, కాళ్లతో తోస్తారా? మోకాలు ఎక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడా? చివరికి, "రోజంతా నీళ్లు ఎన్ని తాగుతారు సార్?" అంది.

ఆయన నసిగాడు. "పొద్దున ఒక గ్లాసు. మళ్లీ దిగాకే. పైన... ఏర్పాటేమీ లేదమ్మా. తాగితే దిగాల్సొస్తుంది."

కూరగాయలు తరుగుతున్న భార్య చెయ్యి ఆగిపోయింది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

"ఎండలో అద్దాల గదిలో కూర్చునే మనిషి నీళ్లు తాగట్లేదని నేను కలగన్నానా!"

"ముందు అది సరిచేద్దాం సార్," అంది కోచ్.

మర్నాడు ఆయన సిగ్గుపడుతూనే ఇంజనీరును అడిగాడు. రెండు రోజుల్లో, నీళ్ల సీసాతో పాటు, అవసరానికి మూత గట్టిగా బిగిసే డబ్బా ఒకటి పైకి చేరింది. వారం తిరక్కుండానే మధ్యాహ్నం తలనొప్పి తగ్గింది. అది ఉద్యోగంతో వచ్చిన తలనొప్పి అనుకుని ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడు పాపం.

చార్టును కోచ్ తీసెయ్యమనలేదు. "ఇది చెడ్డదేం కాదు సార్. పాతికేళ్ల కుర్రాడికి రాసింది, అంతే." ఫోనులోనే చెబుతూ ఒక్కో గడీ కొట్టేయించి మార్పించింది. అరవై గుంజీలు ఎనిమిదయ్యాయి, అవీ కుర్చీ పట్టుకుని. భార్య వీడియో తీసి పంపేది. "మడమ లేస్తోంది సార్" అని జవాబొచ్చేది. జలుబు చేసినప్పుడు, "మూడు రోజులు ఏమీ చెయ్యకండి" అని ఖచ్చితంగా చెప్పింది.

కొట్టివేతలు చూసి బావమరిది నొచ్చుకున్నాడు. "నువ్వెన్నో వారంలో ఉన్నావురా?" అని అక్క అడిగింది. "నేనింకా మొదలుపెట్టలేదక్కా" అన్నాడు. తరవాతి ఆదివారం నుంచి బావ పక్కన వాడూ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

నెలరోజులు పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. తొమ్మిదో వారంలో ఒకరోజు ఆరో అరుగు దాకా ఆగకుండా ఎక్కాడు. ఆగాలన్న సంగతే గుర్తురాలేదు. టెస్టు నెగ్గాడు. బీపీ కాస్త ఎక్కువుంది, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోమని కాగితం మీద రాశారు. ఎక్కడానికి పదిహేడు నిమిషాలు పడుతోంది. పన్నెండుకు రావడం లేదని ఆయన బాధపడితే, పరుగుపందెం కాదు కదా అంది కోచ్. ఇక నెలకోసారి మాట్లాడుకుంటే చాలంది కూడా.

ఫోను పెట్టేముందు ఆవిడ కాస్త మొహమాటంగా అడిగింది. "సార్, పైనుంచి ఎలా ఉంటుందో ఒకసారి చూపిస్తారా?"

మర్నాడు పని మొదలవడానికి ముందే ఆయన గదిలోకి చేరి వీడియో కాల్ చేశాడు. తెల్లవారిన ఊరంతా, డాబాల మీద ఆరేసిన బట్టలతో సహా, అద్దానికి అవతల పరుచుకుని ఉంది. కోచ్ తెరకు దగ్గరగా జరిగింది.

"కొంచెం ఎడమకి తిప్పండి సార్," అంది.

ఆయన తిప్పాడు.