వెంకటరాజుగారి జిగురు

మా పక్కింటి వెంకటరాజుగారు ఎవరు కనబడినా "బాగున్నారా?" అనరు. "పేగులో జిగురు ఎలా ఉందండి?" అంటారు. మొన్నో పెళ్లిలో పెళ్లికొడుకునీ అదే అడిగారు.

ఆయనకి చేపల చెరువులున్నాయి. "చేపని పొడి చేత్తో పట్టామనుకోండి, జిగురు ఊడిపోద్ది. పుండు పడిపోద్ది. మన పెద్దపేగూ అంతేనండి. పై జిగురులో క్రిములు కాపురం ఉంటే ఉండనీండి, గోడనంటిన పొరలోకి మాత్రం రాకూడదు. అది పల్చబడిందా, వాపు, పుండు, రక్తం!" అని హోటల్లో పెసరట్టు తినేవాళ్లకి చెబుతారు. వాళ్లు ప్లేటు పక్కకి జరుపుతారు.

ఈ చదువంతా నా పెద్దపేగు జబ్బు పుణ్యమే. నాకది బయటపడినప్పుడు డాక్టరు దగ్గరికి తన కారులో తీసుకెళ్లారు. జిగురు పల్చబడిందని విని, మర్నాడు మా గుమ్మంలో బస్తాడు బెండకాయలు దింపించారు.

"తిన్న జిగురు అక్కడ అతకదండి రాజుగారూ," అని ఆ సంగతి విన్న డాక్టరు నా ఎదుటే నవ్వారు. "వాపు తగ్గితే పేగే ఊరించుకుంటుంది. ఈ తబితగారు మందు మానకుండా చూడండి."

నా బెంగల్లా ఉద్యోగం గురించే. నరసాపురం నుంచి భీమవరం కాలేజీకి రోజూ బస్సు. కడుపు ఎప్పుడు తొందరపెడుతుందో తెలియదు. నలభైమందిలో బస్సు ఆపమని ఎలా అడగను? సిగ్గుతో చచ్చిపోయి రాజీనామా రాసుకున్నాను.

అది ఇద్దామని బయల్దేరిన సోమవారం రాజుగారు నాతోపాటు బస్సెక్కారు.

"కారేమైందండీ?"

"కారులో జిగురు గురించి ఎవరికి చెప్పనమ్మాయ్?"

వీరవాసరం దగ్గర నాకు చెమటలు పట్టాయి. ఆయన చటుక్కున లేచారు. "ఆపండి బాబూ! నా జిగురు అయిపోయింది!"

బస్సంతా ఘొల్లున నవ్వింది. డ్రైవరు పెట్రోలు బంకు దగ్గర ఆపాడు.

"నా సంచి పట్టుకుని తోడు రా అమ్మాయ్," అన్నారు. నేను బంకు బాత్రూం లోపలికెళ్లాను. ఆయన బయట నిలబడి సోడా తాగారు.

అలా మూడు నెలలు. బస్సు నవ్వింది ఆయన్ని చూసి, నన్ను చూసి కాదు. రాజీనామా నా హ్యాండ్‌బ్యాగులోనే నలిగిపోయింది. కన్నతండ్రైనా ఇంత చేస్తాడా అనిపించింది నాకు.

నిన్న డాక్టరు పరీక్ష చేసి, పుండ్లు మానాయన్నారు. ఇవాళ బస్సులో మెల్లగా చెప్పాను. "ఇక ఆపక్కర్లేదండి."

రాజుగారు మురిసిపోయేలోపే బంకు వచ్చింది. బస్సు దానంతటదే ఆగింది. "దిగండి రాజుగారూ, మొహమాటపడకండి, ఆయ్!" అన్నాడు డ్రైవరు.

నలభైమందీ ఎదురుచూస్తున్నారు. గుండ్రాయిలాంటి ఆరోగ్యంతో ఆయన దిగి, బుద్ధిగా లోపలికెళ్లారు. సంచి పట్టుకుని నేను బయట నిలబడి సోడా తాగాను.