తాళంకప్పగారి కారు అద్దం

ఆసుపత్రి సామాన్ల గోదాముకు పందొమ్మిదేళ్ళుగా ఆయనే స్టోర్‌కీపర్. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. వెనకాల అందరూ తాళంకప్ప అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి, పైకి చిరాకు పడుతూ లోలోపల మురిసిపోతాడు.

వార్డు నుంచి నర్సు వచ్చి నాలుగు జతల గ్లవ్స్ అడిగితే, "మొన్ననే కదమ్మా తీసుకెళ్ళారు, అప్పుడే ఏం చేశారు?" అంటాడు, ఆవిడ వాటిని వేయించుకుని తినేసినట్టు. దూది కావాలంటే ఒక కాగితం, ఆ కాగితం మీద రెండు సంతకాలు. రెండో సంతకం పెట్టాల్సిన డాక్టరు ఆపరేషన్ గదిలో ఉంటే, ఆయన బయటికి వచ్చేదాకా దూది లోపలే ఉంటుంది. ఆపరేషన్‌కే దూది కావాలని చెప్పినా సరే.

ఇంట్లోనూ అదే వరస. బయల్దేరేటప్పుడు వీధి తలుపు తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తాడు. పది అడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగుతాడు. ఆయన భార్య కుట్టుపని నేర్పే స్కూల్లో టీచరు. ఈ లాగుళ్ళన్నీ అయ్యేలోపు వీధిలో నిలబడి పిల్లల జాకెట్లకు కాజాలు కుట్టేయడం ఆవిడకు అలవాటైపోయింది. ఇక కారంటారా, కొని తొమ్మిదేళ్ళయినా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. ఎండాకాలంలో అందులో కూర్చున్నవాళ్ళు దిగేటప్పుడు కొంత చర్మం సీటుకు ఇచ్చి దిగాలి.

ఆ కారును ఒక ఆదివారం ఆయన బావమరిదికి ఇవ్వాల్సి వచ్చింది. మామగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అల్లుడిగా తనే వెళ్ళొచ్చు గాని, ఆదివారం పూట గోదాములో చీపుళ్ళు లెక్కపెట్టే పని పెట్టుకున్నాడు. బావమరిది ఒక ప్రెస్సులో పుస్తకాల వ్యాను నడుపుతాడు. పదిహేనేళ్ళుగా స్టీరింగే అతని అన్నం. అలాంటివాడికి ఈయన గేరు ఎలా మార్చాలో పావుగంట చెప్పాడు. సాయంత్రం ఆరింటికి కారు తిరిగొచ్చింది. ఈయన చుట్టూ తిరిగి, వంగి, చక్రాల సందుల్లోకి తొంగిచూసి, ఒక్క గీతయినా దొరకనందుకు కాస్త నిరాశపడి తాళంచెవి తీసుకున్నాడు.

సోమవారం పొద్దున పాలు తేవడానికి బయటికి వెళ్ళిన భార్య కేక వేసింది. "ఏవండీ, ఒకసారి ఇటు రండి!"

కారు వెనకసీటు కుడివైపు అద్దం లేదు. రోడ్డు మీదా, సీటు మీదా గాజుముక్కలు ఉప్పుకల్లు పోసినట్టు పడి ఉన్నాయి.

"ఏం పోయింది?" అంది ఆవిడ.

"ఏం పోలేదు."

"ఏమీ లేనిదానికి అద్దం ఎందుకు పగలగొడతారండీ?"

"నన్నడుగుతావేం? మీ తమ్ముణ్ణి అడుగు."

నిజానికి వెనకసీట్లో ఒక నల్లసంచి ఉండాలి. పొద్దున మర్చిపోతానేమోనని ముందురోజు సాయంత్రం దాన్ని అక్కడ పెట్టింది ఈయనే. సంచిలో గోదాము డూప్లికేట్ తాళాల గుత్తి ఉంది. అది సూపరింటెండెంటుగారి బీరువాలో ఉండాల్సిన గుత్తి. తుప్పు పట్టకుండా నూనె రాసి తెస్తానని ఎనిమిదేళ్ళ కిందట తీసుకున్నాడు. ఆ నూనె ఇంకా ఆరలేదు కాబోలు, తిరిగి ఇవ్వలేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే ఈయన ఫోను తీసి బావమరిదికి కొట్టాడు.

"నిన్న కారు ఎక్కడెక్కడ నిలబెట్టావ్?"

"కళ్ళ డాక్టరు దగ్గర బావా. ఇంకెక్కడా ఆగలేదు. ఏమైంది?"

"అద్దం పగలగొట్టారు."

"అయ్యో! మరి సాయంత్రం మీరు చూసుకునే కదా తీసుకున్నారు, అప్పుడు బాగానే ఉందిగా?"

"నిన్న నీ చేతిలో ఉన్నప్పుడు వాళ్ళ కంట్లో పడింది. రాత్రి వాళ్ళ చేతికి దొరికింది. దొంగలు ఊరికే రారయ్యా, ఎవరో ఒకరు దారి చూపించాలి."

బావమరిది, "సరే బావా, నాదే తప్పనుకోండి. వస్తున్నా ఉండండి," అన్నాడు. అరగంటలో ప్లాస్టిక్ కాగితం, టేపు పట్టుకుని వచ్చాడు. ప్రెస్సులో ఆ పూట సెలవు చెప్పి మరీ వచ్చాడు.

పోలీసులకు చెబుదామంది భార్య. "ఇంత చిన్న అద్దానికి పోలీసులెందుకు?" అన్నాడు ఈయన. మూడేళ్ళ కిందట గుమ్మం ముందు పూలకుండీ పోతే, ఆకుల కొలతలతో సహా నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చిన మనిషి. ఆవిడ మొగుడి ముఖం వైపు ఒకసారి చూసి, స్కూలుకు ఫోన్ చేసి, తను కూడా కారెక్కింది.

బావమరిదికి తెలిసిన అద్దాల షాపుకు వెళ్ళారు. షాపు నడిపేది యాభై దాటిన ఒక ఆవిడ. చేతుల మీద సన్నసన్నటి పాత గాట్లు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. టేపు పీకి చూసి, "గట్టిగాజు సార్ ఇది, మధ్యలో కాదు, మూల మీద కొట్టాడు. పని తెలిసినవాడే," అంది. లోపల్నుంచి కొత్త అద్దం తెచ్చి బల్ల మీద పరిచిన గోనెపట్టా మీద పెట్టింది. తలుపు లోపలి అట్ట విప్పడం మొదలుపెట్టింది.

తాళంకప్పగారు ఆవిడ భుజం మీదుగా వంగాడు. "స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నారా?"

"ఏడు సార్."

రెండు నిమిషాలాగి మళ్ళీ, "ఎన్నన్నారు?"

"ఇందాకా ఏడే, ఇప్పుడూ ఏడే. పిల్లల్ని పెట్టలేదు."

బావమరిది నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగి దగ్గాడు. ఆవిడ తలుపు కడుపులోకి గొట్టం పెట్టి మోటారు వేస్తే, లోపల రాలిన గాజంతా గలగలా లాగేసింది. గొట్టం కడిగి వస్తానని ఆవిడ లోపలికి వెళ్ళింది. అందరినీ టీ తాగి రమ్మంది.

వెళ్ళేముందు ఈయన ఏం చేశాడో చూడాల్సిందే. ఒక తలుపుకు అద్దం లేదు. లోపలి అట్ట కూడా లేదు. ఏనుగు పట్టేంత కాకపోయినా మనిషి పట్టేంత కంత. అయినా ఈయన తాళంచెవి మీట నొక్కి కారు లాక్ చేశాడు. డ్రైవరు వైపు తలుపు పట్టుకుని మూడుసార్లు లాగాడు. గుమ్మంలోంచి షాపావిడ ఇదంతా చూసింది. కారు అటువైపుకి నడిచి వెళ్ళి, వెనకసీటు ఎడమ తలుపు పట్టుకుని లాగింది.

తలుపు హాయిగా తెరుచుకుంది.

"ఇదేంటి సార్?"

"అదెలా వచ్చింది?" అన్నాడు ఈయన. మళ్ళీ మీట నొక్కాడు. మిగతా మూడు తలుపులూ టక్కుమన్నాయి. ఎడమది మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తలుపు అంచు చూసింది.

"ఇది పోయి చాలా ఏళ్ళయింది సార్. లోపల సాలీడు గూడు కూడా పెట్టింది. అంటే ఇన్నాళ్ళూ మీ కారు తీసే ఉంది. పాపం, వాడెవడో అటువైపు నుంచి వచ్చుంటే కష్టపడకుండా పని కానిచ్చుకునేవాడు."

తొమ్మిదేళ్ళలో ఆయన డ్రైవరు తలుపును ఎన్ని వేలసార్లు లాగాడో! మిగతా మూడింటిని లాక్ చేశాక ఒక్కసారి కూడా లాగి చూడలేదు. కారుకు తలుపంటే తను ఎక్కేదొక్కటేనని నమ్మిన మనిషి.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆసుపత్రి హెడ్‌నర్సు. ఆవిడ గొంతుకు ఫోను అవసరం లేదు, అలవాటు కొద్దీ వాడుతుంది.

"స్టోర్‌కీపర్‌గారూ! మీ నల్లసంచి దొరికిందండీ. బస్‌స్టాపు దగ్గర చెత్తకుండీ పక్కన పడేసి ఉందట. రోడ్లూడ్చే ఆవిడ తాళాల గుత్తి మీద మన ఆసుపత్రి ముద్ర చూసి తెచ్చిచ్చింది. అవునూ, ఈ గుత్తి సూపరింటెండెంటుగారి బీరువాలో కదా ఉండాలి? ఆయన కూడా అదే అడుగుతున్నారు. ఇక్కడే ఉన్నారు, ఇవ్వమంటారా?"

"వస్తున్నానండీ, వచ్చేస్తున్నా," అని ఈయన ఫోను పెట్టేశాడు.

హెడ్‌నర్సు గొంతు షాపంతా వినపడింది. భార్య అడిగింది. "ఏం పోలేదన్నారు?"

తేలు కుట్టిన దొంగలా ఈయన వంగి స్క్రూలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆ సంచి సీట్లో పెట్టింది మా తమ్ముడా?"

"పోనీలే అక్కా, దొరికిందిగా..." అన్నాడు బావమరిది.

"నువ్వుండరా! నిన్ను దొంగల్ని వెంటేసుకొచ్చావన్న మనిషిని అడుగుతున్నా. చెప్పండి, ఎవరు పెట్టారు?"

"ఎవరో ఒకరు పెట్టారు. ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు ఆయన, కొత్త అద్దం మీది చీటీ మహా శ్రద్ధగా చదువుతూ.

షాపావిడ తన పని తను చేసుకుపోయింది. అద్దం దింపి, బిగించి, నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించి చూసింది. ఏడు స్క్రూలూ ఆయనకు కనపడేలా ఒక్కొక్కటే పెట్టింది. "రేపటిదాకా ఈ అద్దం దించకండి సార్. ఆ ఎడమ తలుపు కూడా బాగుచేయించుకోండి. లేదంటే ఇటువైపు తెరిచే ఉందని ఓ కాగితం అంటించండి, అద్దమైనా మిగులుతుంది."

ఆ మధ్యాహ్నం గోదాముకు కొత్త తాళాలు వేశారు. బయట తిరిగొచ్చిన తాళాలు గనక లోపల ఏముందో, ఏం పోయిందో మొత్తం చూడాలన్నాడు సూపరింటెండెంటు. హెడ్‌నర్సు ముందు నడిచింది. ఏమీ పోలేదు. అసలు చిక్కంతా అదే. లోపలి గదిలో కట్టలు విప్పని రెండొందల రగ్గులు నేల నుంచి పైకప్పు దాకా ఉన్నాయి. చక్రాలకు చుట్టిన కాగితం కూడా ఊడదీయని చక్రాల కుర్చీలు పదకొండు. పోయిన చలికాలం వార్డులో ముసలివాళ్ళు పాత చీరలు కప్పుకుని వణికారు. నడవలేనివాళ్ళను బంధువులు వీపు మీద మోశారు.

"ఇవి ఎందుకు దాచారు?" అన్నాడు సూపరింటెండెంటు.

"అవసరమొస్తుందని సార్."

"ఎప్పుడొస్తుంది?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక స్ట్రెచరు మాయమైతే, అప్పటి సూపరింటెండెంటు వరండాలో రోగుల ముందు నిలబెట్టి తిట్టిన తిట్లు ఆయనకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తు. ఆ రోజే ఒక పాఠం నేర్చుకున్నాడు: సామాను పోతే తిడతారు, ఇవ్వకపోతే ఎవరూ తిట్టరు. ఆ ఒక్క పాఠంతో పందొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాడు. ఆ నెట్టుకురావడంలో ఎంతమంది వణికారో ఏ రిజిస్టరులోనూ రాసే గడి లేదు.

ఉద్యోగం పోలేదు. తాళాలు మాత్రం హెడ్‌నర్సు దగ్గరికి పోయాయి. సాయంత్రానికల్లా రగ్గులు వార్డుకెక్కాయి. ఒక్కో కట్టా గుమ్మం దాటుతుంటే ఈయన పిల్లను అత్తారింటికి పంపుతున్న తండ్రిలా నిలబడి చూశాడు.

ఇంటికొచ్చేసరికి బావమరిది కూర్చుని ఉన్నాడు. వాళ్ళక్క కూర్చోబెట్టింది. బల్ల మీద మూడు టీకప్పులున్నాయి. ఆవిడ రెండింట్లోనే పోసింది.

ఆయన చెప్పులు విడిచాడు. బీరువా దగ్గరికి వెళ్ళి చొక్కా గుండీలు విప్పుతూ, "నిన్న నువ్వు కారు... బాగానే నిలబెట్టావులే," అన్నాడు.

"వినపడలేదు," అంది భార్య.

"బాగానే నిలబెట్టాడంటున్నా."

"ఇంకా?"

గుండీలైపోయాయి. "సంచి పెట్టింది నేనే. తప్పు నాదే."

బావమరిది పకపకా నవ్వాడు. "బీరువాకు చెప్పారు, బాగానే ఉంది బావా. నాక్కూడా ఒకటి చెప్పండి."

ఆయన తిరిగి, ఈసారి మనిషి ముఖం చూసే చెప్పాడు. గొంతు మాత్రం రెండు సంతకాలు లేకుండా సరుకు బయటికి పంపుతున్నవాడి గొంతులా ఉంది. భార్య మూడో కప్పులో టీ పోసింది.